అల్సర్‌లో ఇమ్యూన్ కణాలు, హార్మోన్లు: ఇంత చిన్న టాపిక్ మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: ఫిజియాలజీలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కడుపులో అల్సర్ వచ్చినప్పుడు లోపలి పొరలో చేరే ఇమ్యూన్ కణాలు కూడా హార్మోన్లు తయారుచేస్తాయని ఒక వ్యాసంలో చదివాను. అప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. మా సార్‌ని అడిగితే హార్మోన్లు గ్రంథుల పని, నువ్వు పక్కదారి పడుతున్నావు అన్నారు. ఇంత ఇరుకు టాపిక్ మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం ఎవరిస్తారని ఇంట్లో అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, పైగా మెడిసిన్ చదవలేదన్న బాధ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చూడమ్మా, నీ ఉత్తరంలో రెండు భయాలున్నాయి. ఒకటి సార్ మాట, రెండోది ఇంట్లోవాళ్ల మాట. నువ్వు ఎక్కువ డీలా పడింది మొదటిదానికే అనిపించింది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

హార్మోన్ అనే పేరును 1905లో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. దానికి మూడేళ్ల ముందు, 1902లో, ఆయన బేలిస్‌తో కలిసి కనుక్కున్న సెక్రెటిన్ అనే హార్మోన్ థైరాయిడ్ లాంటి విడి గ్రంథి నుంచి రాలేదు, పేగు లోపలి పొర నుంచి వచ్చింది. అదే 1905లో ఎడ్కిన్స్ కడుపు పొరలో ఆమ్లాన్ని పెంచే గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ సంగతి బయటపెట్టాడు. అంటే హార్మోన్ అనే పేరు పుట్టిన రోజుల్లోనే జీర్ణనాళం పొర ఆ కథలో ఉంది. ఇక ఇమ్యూన్ కణాల విషయానికొస్తే, 1980–81లో బ్లాలాక్, స్మిత్ మనిషి తెల్ల రక్తకణాల్లో పిట్యుటరీ హార్మోన్ ఏసీటీహెచ్, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్ లాంటి పదార్థాలు ఉన్నాయని చూపించారు. 1990లో స్టైన్ బృందం వాపు ఉన్న చోటికి చేరిన ఇమ్యూన్ కణాల నుంచి వచ్చే ఎండార్ఫిన్ తరహా ఓపియాయిడ్లు అక్కడి నరాల మీద పనిచేసి నొప్పిని తగ్గిస్తాయని చూపించింది. 1999లో కోజిమా, కంగావా కడుపు నుంచే ఆకలి హార్మోన్ గ్రెలిన్‌ని వేరుచేశారు, 2004కల్లా టీ కణాలనే ఇమ్యూన్ కణాల్లోనూ గ్రెలిన్ కనిపించింది. కాబట్టి నీది పక్కదారి కాదు.

కానీ మీ సార్ అనుమానాన్ని తీసిపారేయకు. ఈ రంగంలో అసలు పనంతా ఆ అనుమానాన్ని తీర్చడమే.

ఎందుకంటావా, ఒక కణంలో హార్మోన్ ఉండటం వేరు, ఆ కణమే దాన్ని తయారుచేయడం వేరు. బయాప్సీ ముక్కని పల్చగా కోసి, యాంటీబాడీ వేసి, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీ అతుక్కున్న చోట రంగు తెప్పించే పద్ధతి) చేస్తే మాక్రోఫేజ్ అనే ఇమ్యూన్ కణం ఏదో ఒకటి గోధుమ రంగులో కనిపిస్తుంది, చూడగానే దొరికిందని సంతోషం వేస్తుంది. అయితే మాక్రోఫేజ్ పనే పక్కనున్నవాటిని మింగడం కదా, ఆ హార్మోన్ పక్కన చనిపోయిన పొర (ఎపిథీలియల్) కణానిది కావచ్చు, లేదా రిసెప్టార్‌కి అతుక్కుని లోపలికి వెళ్లింది కావచ్చు. తయారుచేసింది ఇదేనని చెప్పాలంటే ఆ కణంలో దాని ఎంఆర్‌ఎన్‌ఏ (హార్మోన్ తయారీకి కణం వాడే జన్యు సందేశం) కూడా చూపించాలి, అదే స్లైడ్ మీద ఆ కణం ఎవరో కూడా దాని గుర్తు ప్రొటీన్‌తో తేల్చాలి: మాక్రోఫేజ్‌కి సీడీ68, మాస్ట్ కణానికి (అలర్జీలో పనిచేసే ఇమ్యూన్ కణం) ట్రిప్టేజ్, ప్లాస్మా కణానికి సీడీ138, ఇలా. ఇంకో తిరకాసు ఉంది. బయాప్సీ మొత్తాన్ని నలిపి కొలిస్తే హార్మోన్ రెండింతలైందని వస్తుంది అనుకో, ఒక్కో కణం ఎక్కువ చేస్తోందా లేక కణాలే రెండింతలయ్యాయా అన్నది ఆ అంకె చెప్పదు. అల్సర్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న కడుపు పొరలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) చాలా తక్కువ, అల్సర్ తెచ్చే హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా చేరాక న్యూట్రోఫిల్స్, ప్లాస్మా కణాలు, లింఫోసైట్ల గుంపులు వచ్చి కూర్చుంటాయి, అంటే పోల్చుతున్న రెండు ముక్కలూ కణాల లెక్కలోనే ఒకటి కావు.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసే ఒక హిస్టాలజీ ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ ఒక సీనియర్ మూడు నెలలు కష్టపడి మాస్ట్ కణాల్లో ఒక పెప్టైడ్ మెరుస్తోందని చూపించింది, అందరం నమ్మేశాం. తీరా చూస్తే, వాడింది అవిడిన్-బయోటిన్ కిట్ (రంగు తేవడానికి అవిడిన్ అనే ప్రొటీన్‌ని వాడేది), మాస్ట్ కణాల రేణువుల్లో ఉండే హెపారిన్‌కి అవిడిన్ దానంతట అదే అతుక్కుంటుంది. మొదటి యాంటీబాడీ వేయకుండా ఒక్క కంట్రోల్ స్లైడ్ చేసి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది. ఆమె ఏడ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఈసినోఫిల్స్ అనే ఇమ్యూన్ కణాలతోనూ ఇలాంటి ఇబ్బందే, వాటి సొంత పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ని ముందు ఆపకపోతే అవి ఉత్తినే రంగు తేలతాయి. మాస్ట్ కణాలు, ఈసినోఫిల్స్, మాక్రోఫేజ్‌లు, నువ్వు వెతకబోయేది సరిగ్గా వీటినే, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల ప్రశ్న. ఉద్యోగ ప్రకటనల్లో ‘కడుపు ఇమ్యూన్ కణాల హార్మోన్ల నిపుణులు కావలెను’ అని ఎక్కడా రాదు, ఆ మాట నిజం. కానీ ఒక కణజాలంలో ఫలానా అణువుని ఫలానా కణమే చేస్తోందని అనుమానం లేకుండా చూపించగలిగిన మనిషి క్యాన్సర్ ఇమ్యునాలజీలో కావాలి, మందుల కంపెనీల టిష్యూ ల్యాబ్‌లలో కావాలి, పాథాలజీ డయాగ్నస్టిక్స్‌లో కావాలి, సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ చేసే గ్రూపుల్లో కావాలి. టాపిక్ ఇరుకే, చేతికొచ్చే పని ఇరుకు కాదు. అమ్మానాన్నలతో ఇదే మాట చెప్పు. అలాగే ఒక వెనకడుగు మాట కూడా దాచకుండా చెప్పు: అల్సర్ మీద డబ్బు ఒకప్పుడున్నంతగా లేదు. వారెన్ అనే పాథాలజిస్టు 1979లో స్లైడ్ల మీద వంకర బాక్టీరియాని (ఈ హెలికోబాక్టర్‌నే) గమనించడం, 1982లో మార్షల్‌తో కలిసి దాన్ని పెంచగలగడం, 2005లో ఇద్దరికీ నోబెల్, ఈలోగా ఆమ్లాన్ని ఆపే మంచి మందులు, వీటితో చాలామంది రోగులకు దారి దొరికింది. అందుకే పరిశోధన నిధులు ఎక్కువగా కడుపు క్యాన్సర్ వైపు, పేగు వాపు జబ్బుల వైపు వెళ్తున్నాయి.

దాన్ని బట్టి నా సలహా ఏంటంటే, అల్సర్ ల్యాబ్ కోసం వెతకొద్దు, మ్యూకోసల్ ఇమ్యునాలజీ (కడుపు, పేగు లాంటి లోపలి పొరల ఇమ్యూన్ పని) చేసే గైడ్‌ని వెతుకు, అక్కడ కడుపుని నీ కణజాలంగా ఎంచుకో. కడుపులో ప్రశ్నలకేం కొదవ లేదు. హెలికోబాక్టర్ ఉన్నప్పుడు, గ్యాస్ట్రిన్‌ని అదుపు చేసే సొమాటోస్టాటిన్ హార్మోన్ తగ్గి గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, ఇమ్యూన్ కణాల నుంచి వచ్చే ఇంటర్‌లుకిన్-1 బీటా అనే ప్రొటీన్ ఆమ్లాన్ని గట్టిగా అణిచేస్తుంది. అంటే హార్మోన్లు, ఇమ్యూన్ కణాలు ఇప్పటికే మాట్లాడుకుంటున్నాయి. హిస్టమిన్‌నే తీసుకో, ఆమ్లం కోసం దాన్ని వదిలేది కడుపు పొరలోని ఈసీఎల్ అనే హార్మోన్ కణం, పక్కనే మాస్ట్ కణం కూడా అదే హిస్టమిన్‌ని పట్టుకుని కూర్చుంటుంది. ఒకే అణువు, రెండు ఇళ్లు. ఏ ఇంటి నుంచి ఎప్పుడు వచ్చింది, పుండు అంచున ఎంత, దూరంగా ఎంత, మానే దశలో ఎంత, ఇవన్నీ థీసిస్‌కి సరిపోయే ప్రశ్నలు.

ఇంకోటి, మెడిసిన్ చదవలేదని బాధపడుతున్నట్టు ఉత్తరం చివర్లో రాశావు. ఎండోస్కోప్ నీ చేతిలో ఉండదు, నిజమే. రోగి ముక్కలు కావాలంటే ఒక గ్యాస్ట్రోఎంటరాలజిస్టు, ఒక పాథాలజిస్టు నీతో ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, రోగి సమ్మతి ఉండాలి, ఆ వచ్చే ముక్క కూడా కొద్ది మిల్లీమీటర్లే, అందులోంచే రోగనిర్ధారణకి పోగా నీకు మిగలాలి. ఎలుకల్లో ఎసిటిక్ యాసిడ్‌తో చేసే అల్సర్ మోడల్ ఇంకో దారి, అది నెమ్మదిగా మానుతుంది కాబట్టి రోజురోజుకీ మార్పు చూడొచ్చు. నాకైతే ఎలుకలతో మొదలుపెట్టి, చివరి సంవత్సరంలో మనిషి ముక్కల్లో సరిచూసుకోవడం నీకు నప్పుతుందనిపిస్తోంది.

ఏ ల్యాబ్‌లో చేరినా చేరేముందు ఆ గైడ్ పాత పేపర్లలో కంట్రోల్ స్లైడ్ల బొమ్మలు ఉన్నాయో లేదో చూడు. వెళ్లిపోయిన చివరి విద్యార్థి ఇప్పుడేం చేస్తున్నారో సూటిగా అడుగు, ఫలితం రాకపోతే ఆ పనిని ఎలా రాస్తారో కూడా అడుగు. ఈ చివరి ప్రశ్నకి మొహం చిట్లిస్తే అక్కడ చేరొద్దు.

అప్లికేషన్లు ఇప్పుడే పంపకు. ఆరు నెలలు ఏదైనా పాథాలజీ లేదా హిస్టాలజీ ల్యాబ్‌లో కూర్చో, జీతం లేకపోయినా సరే. మైక్రోటోమ్ మీద పల్చగా కోయడం నేర్చుకో, చిరిగిన సెక్షన్ ఎందుకు చిరిగిందో నేర్చుకో. మొదటి స్లైడ్‌కి యాంటీబాడీలేవీ వద్దు, టోలూయిడిన్ బ్లూ ఒక్కటి చాలు. చుట్టూ అంతా నీలంగా ఉండి మాస్ట్ కణాల రేణువులు మాత్రం ఊదా ఎరుపులోకి తిరుగుతాయి. ఒక స్లైడ్‌లో అలాంటి కణాలు ఎన్నో లెక్కపెట్టు, మర్నాడు మొదటి లెక్క చూడకుండా అదే స్లైడ్‌ని మళ్లీ లెక్కపెట్టు. రెండు అంకెలూ ఎంత దగ్గరగా వచ్చాయో, లెక్కపెడుతున్నంతసేపూ నీకు ఎలా అనిపించిందో నాకు రాయి. పీహెచ్‌డీ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.