సీబీపీ వచ్చాక మళ్లీ స్మియర్ దేనికంటే

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మగారికి 52 ఏళ్లు, ఉండేది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. హిమోగ్లోబిన్ 7.4. మూడు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా అంగుళం కదల్లేదు. సీబీపీలో, అంటే మిషన్ మీద చేసే రక్తకణాల లెక్కలో, ఎంసీవీ 84, ఆర్‌డీడబ్ల్యూ 21 వచ్చాయి. ఇప్పుడు డాక్టరుగారు పెరిఫెరల్ స్మియర్, అంటే రక్తపు చుక్కని స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోపులో చూసే పరీక్ష, రాశారు. మిషన్ అన్నీ చెప్పేశాక మళ్లీ గాజు స్లైడ్ మీద చూడ్డం డబ్బు దండగ కాదా అని మీ సందేహం. స్లైడ్లు చదవడమే నా పని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నానండీ. దండగ కాదు. మీ అమ్మగారి లాంటి రిపోర్టుకైతే అసలు ముందు చేయాల్సిందే అది.

మెలికంతా ఆ 84 దగ్గరే ఉంది. ఎంసీవీ అంటే ఎర్రకణాల సగటు సైజు. 80 నుంచి 100 దాకా మామూలు. 84 కనబడగానే బాగానే ఉందనుకుంటాం. కానీ సగం కణాలు 68, మిగతా సగం 100 సైజులో ఉన్నా సగటు 84 వస్తుంది. పలాసలో జీడిపప్పు కొనేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పెద్ద గుండు పప్పూ చిన్న ముక్కలూ కలిపేసి సగటు సైజు ఇంత అని చెబితే ఎవరూ కొనరు, చేటలో పోసి చూపించమంటారు. స్మియర్ అంటే రక్తాన్ని చేటలో పోసి చూడ్డమే. ఆర్‌డీడబ్ల్యూ అంటే కణాల సైజుల్లో తేడాకు కొలత, మామూలుగా 11.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 21 అంటే సైజులు బాగా కలగలిసి ఉన్నాయని మిషన్ చెబుతోంది. ఏ రకం కణం ఏ రకంతో కలిసిందో మాత్రం అది చెప్పలేదు.

మీ అమ్మగారి స్లైడ్ మీద నేనైతే మొదట వెతికేది రెండు లోపాలు కలిసి ఉన్నాయేమోనని. ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణం మధ్యలో కొంత మేర లేతగా ఉంటుంది, కణం వెడల్పులో మూడో వంతు. ఐరన్ తగ్గేకొద్దీ కణం చిన్నదవుతుంది, ఆ లేత భాగం పెరుగుతుంది, ఆఖరికి అంచున సన్నని చేతిగాజు ఒక్కటే మిగిలినట్టు కనబడుతుంది. మధ్యమధ్యలో సన్నగా సాగిన పెన్సిల్ కణాలు ఉంటాయి. బీ12 గానీ ఫోలేట్ గానీ తగ్గితే కథ తిరగబడుతుంది: కణాలు పెద్దవై కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. సైజు అంచనాకు పక్కనున్న చిన్న లింఫోసైట్ అనే తెల్లకణం కేంద్రకాన్ని కొలతగా పెట్టుకుంటాం, మామూలు ఎర్రకణం దాదాపు అంతే ఉంటుంది. బీ12 లోపానికి ఇంకో సాక్ష్యం తెల్లకణాల్లో దొరుకుతుంది. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కేంద్రకానికి ఎక్కువగా 3, 4 లోబులు, అంటే తమ్మెలు, ఉంటాయి. 100 న్యూట్రోఫిల్స్ లెక్కపెడితే 5 లోబులున్నవి 5 దాకా వచ్చినా, 6 లోబులున్నది ఒక్కటి కనబడినా బీ12, ఫోలేట్లను అనుమానించాలి.

చిన్నవీ పెద్దవీ ఒకే స్లైడ్ మీద ఉంటే రిపోర్టులో ‘డైమార్ఫిక్’ అని రాస్తాం. ఐరన్ మాత్రలు పనిచేయకపోవడానికి ఇది చాలా మామూలు కారణం. ఇటుకలు లారీలో దించారు, కట్టే మేస్త్రీ రాలేదు. బీ12 లేకుండా ఎముక మజ్జలో కణం సరిగ్గా విభజన కాదు, ఎంత ఐరన్ పోసినా రక్తం పట్టదు. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, బీ12 ఉండదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బీ12 లోపం ఉన్నవాళ్లకి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే పెద్ద మోతాదులో ఇస్తే రక్తం కొంత పెరిగి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల నరాలకు జరిగే నష్టం మాత్రం ఆగదు. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి.

రెండోది, మీరు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనుషులు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన రక్తహీనత కేసులో కిడ్నీని పక్కన పెట్టి ఆలోచించకూడదు. రక్తం తయారు చేయమని మజ్జకు కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ ముఖ్యంగా కిడ్నీలోనే తయారవుతుంది. కిడ్నీ దెబ్బతింటే ఆ కబురు తగ్గిపోతుంది. అప్పుడు కణాలు సైజులోనూ రంగులోనూ మామూలుగానే ఉంటాయి, సంఖ్య ఒక్కటే పడిపోతుంది. స్లైడ్ మీద కొన్నిటి అంచున చుట్టూ సమానంగా పొట్టి ముళ్లు కనబడొచ్చు, వీటిని బర్ సెల్స్ అంటాం. కిడ్నీ ఒక్కటే కారణమైతే ఆర్‌డీడబ్ల్యూ 21 దాకా పోవడం తక్కువ, దానికి తోడు మరో లోపం ఉందేమో చూసుకోవాలి. స్మియర్ ఎలా వచ్చినా సరే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్ర పరీక్ష ఈ వారంలోనే చేయించండి.

ఈ వయసులో మరొకటి కూడా చూస్తాం. కణాలు విడివిడిగా ఉండాల్సిన పల్చటి చోట కూడా నాణేల దొంతరల్లా అంటుకుని ఉంటే, దానికి తోడు ఈఎస్ఆర్ (ఎర్రకణాలు ట్యూబులో అడుక్కి దిగే వేగం) బాగా పెరిగి, నడుం నొప్పి గానీ కిడ్నీ తేడా గానీ ఉంటే మల్టిపుల్ మైలోమా అనే మజ్జ క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. రక్తంలో ప్రొటీన్లను విడదీసి చూసే ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ రాయమని సూచిస్తాం. ఈ దొంతరలు మిషన్ అంకెల్లో కనబడవు.

రక్తం లోపల విరిగిపోతుంటే స్లైడ్ వేరేగా ఉంటుంది. నీలి బూడిద రంగులో పెద్ద పసి కణాలు, మధ్యలో తెలుపే లేని గుండ్రటి స్ఫెరోసైట్లు, ఒక పక్క కొరికేసినట్టున్న కణాలు. ఈ కొరికిన కణాలు కనబడితే జీ6పీడీ లోపం, అంటే కొన్ని మందులు పడితే ఎర్రకణాలు విరిగిపోయే పుట్టుక లోపం, అనుమానిస్తాం. ఏజెన్సీలో మలేరియాకు ప్రైమాక్విన్ వాడేటప్పుడు మూత్రం నల్లగా, టీ డికాషన్ రంగులో వస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాల్సింది ఇందుకే. ఇక ముక్కలైన ఎర్రకణాలు, పడిపోయిన ప్లేట్‌లెట్స్ కలిసి కనబడినా, రక్త క్యాన్సర్‌ను అనుమానింపజేసే బ్లాస్ట్ కణాలు కనబడినా రిపోర్టు టైపయ్యేదాకా ఆగకూడదు. చూసినవాళ్లు అప్పటికప్పుడే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మన ఊళ్లలో చిన్న ల్యాబుల్లో ఎక్కువగా ఉండేది త్రీ పార్ట్ మిషన్. అది తెల్లకణాలను మూడు గుంపులుగానే విడదీస్తుంది, ఇసినోఫిల్స్ అనే రకాన్ని విడిగా చెప్పదు. చెప్పుల్లేకుండా పొలాల్లో, జీడి తోటల్లో తిరిగేవాళ్లకి కొంకిపురుగుల వల్ల ఐరన్ పోతుంటే ఇసినోఫిల్స్ పెరుగుతాయి, అది స్లైడ్ మీదే తెలుస్తుంది. కేంద్రకం ఉన్న పసి ఎర్రకణాలను కూడా చాలా మిషన్లు తెల్లకణాలుగా లెక్కేస్తాయి. 100 తెల్లకణాలకు అలాంటివి 25 ఉన్నాయనుకోండి, మిషన్ 15,000 అన్నది నిజానికి 12,000.

స్మియర్ ఎంత గొప్పదైనా సరిగ్గా వేయకపోతే అబద్ధం చెబుతుంది. మీరు ల్యాబుకు వెళ్లేముందు తెలుసుకోవాల్సింది ఈ భాగమే. ఊదారంగు మూత ట్యూబులో గీత దాకా రక్తం నిండాలి. 2 మిల్లీలీటర్ల ట్యూబులో అర మిల్లీలీటరే తీస్తే రక్తం గడ్డకట్టకుండా అందులో ఉండే ఈడీటీఏ మందు ఎక్కువై కణాలు ముడుచుకుపోతాయి. నింపాక 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గిలక్కొట్టకూడదు. స్లైడ్ 2 గంటల్లోపు వేస్తే మంచిది. ఇచ్ఛాపురంలో పొద్దున తీసిన రక్తం నూరు కిలోమీటర్లు దాటి సాయంత్రానికి శ్రీకాకుళం చేరితే, అప్పుడు వేసిన స్లైడ్ మీద కణాలన్నీ ముళ్లు తేలతాయి. దాన్ని బర్ సెల్స్ అనుకుంటే లేని కిడ్నీ జబ్బు అంటగట్టినట్టే. తేడా పట్టే మార్గం ఒకటుంది. స్లైడ్ అంతటా ప్రతి కణానికీ ముళ్లుంటే అది పాత రక్తం తప్పు. మామూలు కణాల మధ్య అక్కడక్కడ ఉంటే నిజం. అనుమానమొస్తే తాజా రక్తంతో మళ్లీ వేయడమే. అందుకే దూరం పంపే కలెక్షన్ సెంటర్లో రక్తం తీసిన వెంటనే రెండు స్లైడ్లు అక్కడే వేసి, ఆరబెట్టి, ట్యూబుతో పాటు పంపమని అడగండి. పేరు పెన్సిల్‌తో రాయాలి, పెన్ను ఇంకు రంగు వేసేటప్పుడు వాడే మిథనాల్‌లో కరిగిపోతుంది.

వేసే పద్ధతి చెబుతాను, ఈ పని నేర్చుకునే పిల్లలు కూడా ఇది చదువుతారు కాబట్టి. స్లైడ్ చివర నుంచి ఒక సెంటీమీటరు లోపల 2, 3 మిల్లీమీటర్ల చుక్క పెట్టాలి. నున్నటి అంచున్న మరో స్లైడ్‌ని 30 నుంచి 45 డిగ్రీల వాలులో వెనక్కి తెచ్చి చుక్కకు తాకించి, రక్తం అంచు పొడవునా పాకాక ఒకే ఊపులో ముందుకు తోయాలి. రక్తహీనత ఉన్న రక్తం నీళ్లలా ఉంటుంది, మామూలు వాలులో వేస్తే మరీ పల్చనైపోతుంది. వాలు పెంచి, వేగంగా తోయాలి. స్లైడ్‌లో మూడింట రెండొంతులు వచ్చి, చివర నాలుకలా సన్నబడి ఆగితే సరిగ్గా కుదిరినట్టు. వెంటనే ఫ్యాను కింద ఆరబెట్టాలి. నోటితో ఊదకూడదు, అందులో తేమ ఉంటుంది. మన తీరంలో వానాకాలం ఇదే పెద్ద చిక్కు. మెల్లగా ఆరినా, మిథనాల్ సీసాకి తేమ పట్టినా ఎర్రకణాల లోపల, నడిమధ్యన మెరిసే గుంతలు పడతాయి. ఐరన్ లోపం తెలుపు మెల్లగా అంచుకు కలుస్తుంది. ఈ గుంతకు గీసినట్టు అంచు ఉంటుంది, ఫోకస్ తిప్పితే మెరుస్తుంది. ఆరిన స్లైడ్ మీద ఈగలు, చీమలు వాలనీయకండి, రక్తపు పొరని తినేస్తాయి.

కణాలు కనబడేందుకు వేసే లీష్మన్ రంగు 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 0.15 గ్రాములు కలిపింది. స్లైడ్ మునిగేలా పోసి 2 నిమిషాలు ఉంచాక, దానికి రెట్టింపు పీహెచ్ 6.8 బఫర్ పోసి, కలిపి, 8 నుంచి 10 నిమిషాలు ఆగాలి. బఫర్ బదులు బోరు నీళ్లు పోస్తే క్షారం ఎక్కువై అంతా నీలంగా వస్తుంది, అప్పుడు ఏది పసి కణమో ఏది మామూలుదో తేల్చలేం. చూసేటప్పుడు కూడా చోటు ముఖ్యం. మందంగా ఉన్న మొదట్లో ఎవరి రక్తమైనా దొంతరల్లా కనబడుతుంది. చిట్టచివరి అంచున మామూలు కణాలు కూడా తెలుపు పోయి స్ఫెరోసైట్లలా కనబడతాయి. కణాలు పక్కపక్కనే పరుచుకుని, ఒకటీ అరా మాత్రమే తాకే చోటే నమ్మదగింది.

స్మియర్ చెప్పలేనివీ ఉన్నాయి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి: సికిల్ సెల్ జబ్బులో కొడవలి కణాలు స్లైడ్ మీద కనబడతాయి గానీ, క్యారియర్‌గా, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం మోస్తూ, ఉన్నవాళ్ల స్లైడ్ మామూలుగానే ఉంటుంది. స్మియర్ బాగుందని పెళ్లి సంబంధాల దగ్గర ధీమాగా ఉండకూడదు. దానికి సాల్యుబిలిటీ పరీక్ష, ఆపైన హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ కావాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపు వాళ్లను పరీక్షించేది ఇందుకే. హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుక లోపమైన తలసీమియా క్యారియర్ స్లైడ్ కూడా ఐరన్ లోపంలాగే ఉంటుంది. ఎంసీవీని మిలియన్లలో ఉన్న ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే 13 లోపు వస్తే తలసీమియా వైపు, పైన వస్తే ఐరన్ లోపం వైపు అనుమానిస్తాం. అది అంచనా మాత్రమే, తేల్చేది ఒక రకం హిమోగ్లోబిన్‌ని కొలిచే పరీక్ష, హెచ్‌బీఏ2. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ2 తగ్గి కనబడొచ్చు కాబట్టి ముందు ఐరన్ సరిచేసి చేయించడం మేలు.

మీ అమ్మగారి విషయంలో వరస ఇలా పెట్టుకోండి. బీ12 ఇంజెక్షన్ గానీ రక్తం ఎక్కించడం గానీ జరగకముందే శాంపిల్ ఇవ్వాలి. ఇంజెక్షన్ పడ్డాక బీ12 పరీక్షకు అర్థం ఉండదు. రక్తం ఎక్కించాక స్లైడ్ మీద కొన్ని కణాలు దాతవి. ఒకే గుచ్చుతో స్మియర్, రెటిక్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వకు కొలత), బీ12, క్రియాటినిన్ కలిపి ఇచ్చేయవచ్చా అని డాక్టరుగారిని అడగండి. పెద్దవాళ్లలో ఫెరిటిన్ 15 లోపుంటే ఐరన్ లోపం ఖాయం. కిడ్నీ జబ్బుంటే 100 లోపున్నా లోపంగానే చూస్తారు. ఐరన్ లోపమని తేలితే అక్కడితో ఆగకూడదు, ఈ వయసులో అది ఎటు పోతోందో వెతకాలి: నెలసరి ఎక్కువా, కడుపులోనా, మొలలా. ఆయాసం, గుండెదడ, కాళ్లవాపు ఉంటే మాత్రం ఈ పరీక్షల కోసం ఇంట్లో ఎదురుచూడకుండా ఆసుపత్రిలో చేర్చండి, శాంపిల్ అక్కడ తీస్తారు.

స్లైడ్ పారేయకుండా దాచమని ల్యాబు వాళ్లకి చెప్పండి. మందు మార్చిన 7 నుంచి 10 రోజులకు రెటిక్ కౌంటూ, కొత్త స్లైడూ చేయించి పాతదాని పక్కన పెట్టి చూస్తే, మజ్జ పని మొదలెట్టిందో లేదో హిమోగ్లోబిన్ అంకె కదలకముందే తెలుస్తుంది.