శ్రమకాలానికి ముందు మా తమ్ముడి కూతురికి

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన అమ్మలుకు, విజయవాడ నుండి మీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

ఈ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు సాయంకాల ప్రార్థనల బాధ్యత అంతా సంఘ పెద్దలు నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. నా చిన్నతనంలో ఆ పని పెద్దమనుషులదే. ఆడవాళ్లు చాపలు పరిచి, పాట ఎత్తుకుని, ప్రార్థన ముగిశాక టీ గ్లాసులు కడిగేవారు. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికా మిషనరీ, డాక్టరు చదువు చదివిన అన్నా కుగ్లర్ గారిని కూడా పంపినవారు వైద్యం కోసం పంపలేదు, స్త్రీల మధ్య బోధించడానికే పంపారు. ఆమె మాత్రం తన చదువును దాచిపెట్టకుండా రోగులను చూస్తూనే పోయారు, 1898 నాటికి గుంటూరులో ఆసుపత్రి నిలబడింది. అప్పగించిన పని చిన్నదైనా పెద్దదైనా చేసే మనిషిని బట్టి ఉంటుందని నీకు వేరే చెప్పనక్కరలేదు. నీమీద నాకు నమ్మకం ఉంది.

అయితే మీ నాన్న మురిసిపోతూ చెప్పిన మరో సంగతి విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ప్రతి కుటుంబానికి హాజరు పట్టిక వేశావట. శ్రమకాలంలో ఎవరు ఏమి మానుకుంటారో ముందుగా రాయించుకుని, మానుకున్నారో లేదో వాట్సాప్ గ్రూపులో రోజూ గుర్తు పెట్టిస్తావట. ఎక్కువ సాయంత్రాలు వచ్చిన కుటుంబానికి ఈస్టరు నాడు బహుమతి ఇస్తావట. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే. మిగిలినవి త్వరగా చెప్పి అక్కడికి వస్తాను.

శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం ఫిబ్రవరి 18న, ఏప్రిల్ 5న ఈస్టరు. మధ్యలో ఉన్న ఆరు ఆదివారాలు పునరుత్థాన దినాలు కనుక లెక్కలోకి రావు, వాటిని తీసివేస్తే సరిగ్గా 40 దినాలు. ఏ ఇంట్లో ఎప్పుడు ప్రార్థన ఉంటుందో ముందుగానే ఇంటివారిని అడిగి ఖాయం చేసుకో. టీ బిస్కెట్లు తప్ప మరేమీ పెట్టవద్దని మొదటి రోజే అందరి ముందు చెప్పు, లేకపోతే ఇంటింటికీ పోటీ పెరిగి అప్పులు చేస్తారు. కానుక ఇద్దరు లెక్కపెట్టి, ఆ రాత్రే పుస్తకంలో రాసి, మరునాడు కోశాధికారికి అప్పగించాలి; ఒక్క రాత్రికి మించి మీ ఇంట్లో ఉంచవద్దు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఈ రోజుల్లోనే వస్తాయి కనుక పిల్లలు చదువుకునే ఇళ్లను ముందు వారాలలో ముగించు.

వాక్యం విషయంలో మాత్రం తొందరపడవద్దు. రోజుకొక కొత్త అంశం, రోజుకొక ప్రసంగీకుడు అంటే మూడో వారానికి మనుషులు దొరకరు, వచ్చినవారు గంటన్నర మాట్లాడతారు. మన లూథరన్ సంఘాలలో పాతకాలం నుండి ఉన్న పద్ధతి, ప్రభువు శ్రమల చరిత్రను కొంచెం కొంచెంగా వరుసగా చదవడం. మార్కు సువార్త తీసుకో. 14వ అధ్యాయంలో 72 వచనాలు, 15వ అధ్యాయంలో 47, మొత్తం 119. నలభై సాయంత్రాలకు రోజుకు మూడేసి వచనాలు. మూడే వచనాలైతే, చదవడం రాని ముసలమ్మ కూడా విని ఇంటికి మోసుకుపోగలదు. మరునాడు అంట్లు తోముకుంటూ పేతురు చలిమంట దగ్గర ఎందుకు నిలబడ్డాడా అని ఆలోచించగలదు. ఆ ఆలోచనకు చోటు లేకుండా మాటలతో నింపవద్దు.

సమయం గురించి ఇంకొక మాట. ఏడు గంటలకని నిర్ణయించావని విన్నాను. బ్యాంకు నుండి వచ్చే నీకు ఏడు గంటలు వీలే. కాని ఫిబ్రవరి, మార్చి నెలలంటే మన ఊళ్లో మిరప కోతలు. తెల్లవారకముందే ఆటోలెక్కి పోయిన ఆడవాళ్లు పొద్దు గుంకాక దిగుతారు. దిగి నీళ్లు తోడుకోవాలి, పొయ్యి వెలిగించాలి, పిల్లలకు అన్నం పెట్టాలి. మిరపకాయలు కోసిన చేతులకు సబ్బుతో కడిగినా మంట పోదు. గోళ్ల కింద ఎర్రగా అయి, కొబ్బరినూనె రాసుకుని, పసిపిల్లను ముట్టుకోవడానికి కూడా భయపడే చేతులవి. ఎనిమిదిన్నరకు పెట్టు, ముప్పావుగంటలో ముగించు. కోతలు లేనివారు గొణుగుతారు, గొణగనివ్వు.

ఇప్పుడు అసలు సంగతి. మన ఇంట్లో ఎవరూ నీకు చెప్పి ఉండరు. మీ తాతగారు పోయిన తరువాత నేనూ మీ నాన్నా కూడా దాన్ని ఎత్తుకోలేదు.

నేను మొదటి సంస్కారానికి సిద్ధపరచే కన్ఫర్మేషన్ తరగతిలో ఉన్న ఏడాది సంఘం పలచబడిపోతోందని పెద్దలకు దిగులు పట్టుకుంది. ఆదివారం ఆరాధనకు సగం బల్లలు ఖాళీగా ఉండేవి, చందాలు నిలిచిపోయాయి, ఉపదేశికి జీతం ఇవ్వడానికి ప్రతి నెలా తడుముకునేవారు. అప్పుడు కమిటీ ఒక తీర్మానం చేసింది. శ్రమకాలంలో నియమించిన ప్రార్థనలకు హాజరై, ఆ ఏటి చందా చెల్లించినవారికే పరిశుద్ధ గురువారం రాత్రి ప్రభువు బల్లలో, అంటే రొట్టె ద్రాక్షారసాల సంస్కారంలో, పాలు ఉంటుందన్నారు. ఆ తీర్మానం రాసింది మీ తాతగారే. హాజరు పుస్తకం పెట్టిందీ ఆయనే. పొడవాటి లెక్కల పుస్తకం, ఎడమవైపు ఇంటి పేర్లు, వచ్చినవారికి ఎర్ర సిరాతో గీత. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఎవరినీ బాధపెట్టాలని ఆయన ఆ పని చేయలేదు తల్లీ. చెల్లించలేని రెండు మూడు ఇళ్ల చందా తన జీతంలో నుండి తానే కట్టి, వాళ్ల పేర్లకు ఎదురుగా గీత పెట్టాడని అమ్మ చెప్పగా తరువాత తెలిసింది. క్రమశిక్షణ ఉంటే సంఘం నిలబడుతుందని నిజంగా నమ్మాడు. మొదటి రెండు వారాలు ఇళ్లు నిండిపోయాయి కూడా. అది చూసి అందరూ ఆయనను మెచ్చుకున్నారు.

ఆ గురువారం రాత్రి నేను మొదటిసారి సంస్కారం తీసుకోవలసినదాన్ని. తెల్ల ఓణీ వేసుకుని రెండో వరుసలో కూర్చున్నాను. నా పక్కన, కోతల పనికి పోయే ఒకామె కూర్చుంది. చేతులకు నూనె రాసుకుంది, ముడుచుకున్న వేళ్ల మధ్య మడతల్లో కూడా ఎర్రగా ఉంది, మంటకు కాబోలు మధ్య మధ్యలో వేళ్లను విడదీసి గాలికి పెట్టుకుంటోంది. పాస్టరు గారు పిలిచినప్పుడు మా వరుస లేచింది, ఆమె కూడా లేచింది. ఆల్టరు దగ్గరకు చేరకముందే, పక్కగా నిలబడి హాజరు పుస్తకం చూస్తున్న సంఘ పెద్ద ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి, ‘నీ పేరు లేదమ్మా’ అన్నాడు. గట్టిగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. ఆమె ఒక క్షణం అర్థం కానట్టు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా అందరి ముందు నుండి వెనక్కు నడిచి, తాను కూర్చున్న చోట కూడా ఆగకుండా గుమ్మం దాటిపోయింది. వరుస ముందుకు జరిగింది. నేను మోకరించాను. నీ కొరకు ఇవ్వబడిన శరీరమని పాస్టరు గారు నా నాలుక మీద పెడుతూ చెప్పిన మాటలో ఆ ‘నీ కొరకు’ అన్నది ఆమెకు ఎందుకు లేదో నాకు తెలియలేదు. ఇంటికి వచ్చి నాన్నను అడిగాను. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు, జవాబు చెప్పలేదు, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మరునాడు, శుభ శుక్రవారం, ఏడు మాటల ఆరాధన మూడు గంటలకు ముగిసిన వెంటనే నాన్న ఆమె ఇంటికి వెళ్లాడు. నన్ను వెంట తీసుకుపోయాడు. ఆమె మంచం వాల్చి, మంచినీళ్లు ఇచ్చి, ‘మీరేమీ అనలేదు అయ్యగారూ, నేనే చూసుకోకుండా లేచాను’ అంది. కొంచెం కోపపడినా ఆయనకు దారి దొరికేదేమో. ఆమె ఇచ్చిన మర్యాదకు ఆయన దగ్గర మాట లేదు. కోతలు అయిపోయాక ఆ కుటుంబం మరో ఊరు పోయింది, ఏ గుడికి పోతున్నారో, పోతున్నారో లేదో మాకు తెలియలేదు. తీర్మానాన్ని మరుసటి ఏడు ఎత్తివేశారు. నాన్న మాత్రం ఆ తరువాత ఏ కమిటీలోనూ పుస్తకం పట్టలేదు, అడిగితే కళ్లు ఆనడం లేదని చెప్పేవాడు.

నీ చేతిరాత ఆయనదే. లెక్క తప్పితే నిద్రపోని గుణం ఆయనదే. సంఘం మీద నీకున్న ప్రేమ కూడా ఆయనదే. అందుకే నాకు భయం. నీ పట్టికలో ఎవరినీ బల్ల నుండి ఆపే ఉద్దేశం లేదని నాకు తెలుసు. కాని బహుమతి తీసుకునే ఒక ఇల్లు ఉంటే, పట్టికలో అడుగున మిగిలే ఇల్లు కూడా ఉంటుంది. ఆ ఇల్లు ఎవరిదవుతుందో నేను ఇక్కడి నుండే చెప్పగలను. కోతలకు పోయేవాళ్లది, మంచం పట్టిన అత్త ఉన్నవాళ్లది, భర్త తాగి వచ్చి గొడవ చేస్తాడని తలుపు దాటలేనివాళ్లది.

మన సంఘం పేరు పెట్టుకున్న, జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన లూథరు గారి జీవితంలోనే దీనికి జవాబు ఉంది. ఆయన వార్ట్‌బుర్గ్ కోటలో దాగి ఉన్నప్పుడు తన ఊరైన విట్టెన్‌బర్గ్‌లో కొందరు ఆరాధనలో మార్పులు ఒక్కసారిగా తెచ్చి, ఒప్పుకోనివారిని తొందరపెట్టారు. 1522 మార్చిలో ఆయన తిరిగి వచ్చి, శ్రమకాలపు మొదటి ఆదివారమైన మార్చి 9 నుండి ఎనిమిది రోజులు వరుసగా ప్రసంగించాడు. ఆ మార్పులలో చాలావరకు ఆయన కోరుకున్నవే. అయినా విశ్వాసంలో బలహీనులను విడిచిపెట్టి బలవంతులు పరిగెత్తడం ప్రేమ కాదన్నాడు, ఎవరినీ జుట్టు పట్టి లాగకూడదని, పని వాక్యానికే వదలాలని అన్నాడు. పాపపు ఒప్పుకోలు గురించి చెబుతూ, దాన్ని ఎవరిమీదా రుద్దనివ్వనన్నాడు, తాను మాత్రం దాన్ని వదులుకోనన్నాడు. ఉపవాసం కూడా అలాగే పట్టుకో, తల్లీ. 1529లో ప్రశ్నలు జవాబులుగా రాసిన బోధ పుస్తకం చిన్న క్యాటకిజంలో ఉపవాసం మంచి బాహ్య క్రమశిక్షణ అని ఒప్పుకుంటూనే, ‘మీ కొరకు’ అన్న మాటను నమ్మినవాడే బల్లకు యోగ్యుడని ఆయన చెప్పింది మనం కన్ఫర్మేషన్ కోసం వల్లించినదే. బూడిద బుధవారం నాడు చదివే మత్తయి 6వ అధ్యాయం కూడా ఉపవాసమున్నవాణ్ణి తల అంటుకుని ముఖం కడుక్కుని, ఉపవాసం మనుషులకు కనబడకుండా ఉంచమంటుంది. ఆ అధ్యాయాన్ని బుధవారం చదివి, గురువారం నుండి గ్రూపులో గుర్తులు పెట్టమనడం ఎలా కుదురుతుంది?

పుస్తకం కావాలంటే పెట్టుకో, నీకు పుస్తకం లేకుండా పని సాగదు. దానిలో జబ్బుపడినవారి పేర్లు రాయి, పరీక్ష రాసే పిల్లల పేర్లు రాయి, పనికోసం దూరం పోయిన కొడుకుల పేర్లు రాయి. నాలుగు రోజులు కనబడని ఇంటికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లు. ఎందుకు రాలేదని అడగవద్దు, ఆ వారం చదివిన వచనాలు చదివి వినిపించి రా. ఆ పుస్తకం నీ చేతి సంచిలోనే ఉండాలి.

ఇక నిన్ను గురించి. నువ్వు నలభై రోజులూ ఒంటిపూట భోజనం చేస్తానన్నావట. పొద్దున్నే గుంటూరు పోయి, సాయంత్రం దాకా కౌంటరు దగ్గర కూర్చుని, రాత్రి ఇల్లిల్లూ తిరిగే పిల్ల ఒంటిపూట తిని ఎన్నాళ్లు నిలబడుతుంది? శుక్రవారం ఒక్కటీ ఉండు, చాలు. షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లను ఉపవాసం ఉండవద్దని నువ్వే స్పష్టంగా చెప్పాలి, వాళ్లు సిగ్గుపడి చెప్పరు. రాత్రి ప్రార్థన అయ్యాక స్కూటరు మీద ఒంటరిగా రావద్దు. ఏటుకూరు రోడ్డులో మిర్చి లారీలు ఎలా వస్తాయో నాకు తెలుసు. మీ నాన్నను రమ్మను, లేదా స్త్రీల సమాజం వాళ్లతో కలిసి నడిచి రా. నవ్వకు. నా తమ్ముడికి నువ్వొక్కదానివే, నాకూ నువ్వొక్కదానివే.

పట్టిక, బహుమతి సంగతి ఈ ఆదివారం ఆరాధన అయిన వెంటనే పాస్టరు గారితో మాట్లాడు. గ్రూపులో ఇప్పటికే పెట్టి ఉంటే తీసివేస్తున్నట్టు నువ్వే రాయి, కారణం చెప్పవలసి వస్తే మా ఇంటి పెద్దల మాట అని చెప్పు. పెద్దలు ఎవరైనా అభ్యంతరం చెబితే మీ తాతగారి సంగతి నువ్వు ఎత్తవద్దు, నాకు ఫోను చెయ్యి. మరునాటి బస్సుకు నేను వచ్చి వాళ్లతో కూర్చుని మాట్లాడతాను.

ప్రభువు నిన్ను బలపరచును గాక.

నీ మేనత్త