డెండ్రైట్లపై ఉన్నవి ముళ్లా, వెన్నెముకలా?

సందేహం: మెదడును గురించిన ఒక అనువాద వ్యాసంలో ‘డెండ్రైట్ వెన్నెముకలు’ అని చదివాను. నాడీకణానికి వెన్నెముక ఏమిటి? ‘నేర్చుకునేటప్పుడు ఇవి పెరుగుతాయి’ అన్న వాక్యమూ సరిగా బోధపడలేదు.

సమాధానం: అక్కడ ‘వెన్నెముక’ తప్పు, ‘ముల్లు’ ఒప్పు. ఇంగ్లీషు ‘స్పైన్’కు ఈ రెండర్థాలూ ఉన్నాయి, అనువాదకులు నిఘంటువులో మొదట కనబడినదాన్ని తీసుకున్నట్లుంది. 1888లో పక్షుల అనుమస్తిష్కాన్ని (చిన్న మెదడును) పరిశీలించిన స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్, డెండ్రైట్ల (నాడీకణం నుంచి కొమ్మల్లా చాచుకుని సంకేతాలను అందుకునే పోగుల) పొడవునా పొట్టిగా పొడుచుకువచ్చిన వీటిని ముళ్లనే అర్థంలోనే ‘ఎస్పినా’లన్నాడు. ఇవి రంగు వేసే పద్ధతి వల్ల ఏర్పడిన మరకలేనని కొందరు కొట్టిపారేస్తే, ఆయన వేరొక రంజకంతోనూ వాటిని చూపించాడు. వాటిపై నాడీకణ సంధులు, అంటే ఒక కణం నుంచి మరో కణానికి సంకేతం అందే చోట్లు, ఉన్నాయన్న సంగతి 1959లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద స్పష్టపడింది.

‘కంటకం’ అనవచ్చు కదా అని పండితులు అడగవచ్చు గాని, ఆ మాటకు తెలుగులో ‘అడ్డంకి’ అన్న ఛాయ బలంగా ఉంది. ఇవి చేసే పని అందుకు పూర్తిగా వ్యతిరేకం. ‘ముల్లు’తోనూ ఒక చిక్కు లేకపోలేదు: వాడిగా, గట్టిగా ఉంటుందన్న ఊహ కలుగుతుంది. నిజానికి చాలా ముళ్లకు సన్నని మెడ, దాని చివర ఉబ్బెత్తు తల ఉంటాయి. మొత్తం పొడవు సుమారు ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. పొరుగు కణం ఆక్సాన్ (సంకేతాన్ని బయటికి మోసుకుపోయే పోగు) నుంచి వచ్చే ఉత్తేజక సంకేతాన్ని అందుకునేది ఆ తలే. సంకేతం అందినప్పుడు లోపలికి వచ్చిన కాల్షియం ఇరుకైన మెడను దాటి డెండ్రైట్‌లోకి సులువుగా పోలేదు కనుక, ఒక సంధిలో కలిగిన మార్పు పక్క సంధులకు పాకకుండా చాలావరకు అక్కడికే పరిమితమవుతుంది.

ఇక ‘పెరుగుతాయి’ అన్న క్రియ. తెలుగులో ‘ముళ్లు పెరిగాయి’ అంటే సంఖ్య పెరిగిందనీ అనుకోవచ్చు, పరిమాణం పెరిగిందనీ అనుకోవచ్చు. ఇక్కడ రెండూ జరిగేవే కాబట్టి సందర్భం కూడా ఆదుకోదు. నేర్చుకునేటప్పుడు సంధి బలపడితే, ఆక్టిన్ ప్రొటీను పోగులు తిరిగి అమరి, ఉన్న ముల్లు తలే నిమిషాల్లో ఉబ్బుతుంది. కొత్త ముళ్లు మొలవడం, పాతవి కొన్ని అంతరించడం వేరే మార్పు. అందువల్ల మొదటిదానికి ‘ముళ్ల తలలు ఉబ్బుతాయి’ అనీ, రెండోదానికి ‘కొత్త ముళ్లు మొలుస్తాయి’ అనీ విడదీసి రాయాలి.