లైసెన్స్ ప్రాక్టికల్స్ వీఆర్‌లో పెడితే మనకు నష్టమా?

తమ్ముడూ, కరీంనగర్‌లో ఎక్స్‌రే కోర్సు రెండో సంవత్సరం చదువుతున్నానని, రేపు లైసెన్స్ ప్రాక్టికల్స్ వీఆర్ హెడ్‌సెట్‌తో (కళ్లకు పెట్టుకుంటే నిజమైన ఎక్స్‌రే గదిలో ఉన్నట్టే కనిపించేది) పెడితే మాలాంటి వాళ్లకు నష్టమా అని అడిగావు. నేను పదమూడేళ్లుగా హనుమకొండలో రేడియోగ్రాఫర్‌ని. నా ఉద్దేశంలో సగం పరీక్ష వీఆర్‌లో పెట్టాల్సిందే. మిగతా సగం మాత్రం మనిషి దగ్గరే జరగాలి.

మా ఫైనల్ ప్రాక్టికల్స్ సంగతి చెప్తా. నాకు ఛాతీ ఎక్స్‌రే కోసం వచ్చిన బక్కపల్చటి కుర్రాడు పేషెంట్‌గా దొరికాడు. చెప్పినట్టు నిలబడ్డాడు, ఐదు నిమిషాల్లో అయిపోయింది. నా తర్వాత వెళ్లిన దోస్తుకు యాక్సిడెంట్ కేసు వచ్చింది. ఆయన నిలబడలేడు, చెయ్యి కదిలిస్తే అరుస్తున్నాడు. పక్కన ఎగ్జామినర్ తొందరపెడుతున్నాడు. మా బ్యాచ్‌లో అందరికంటే బాగా పని వచ్చినవాడు ఆ రోజు ఫెయిలయ్యాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. వీఆర్‌లో అయితే అందరికీ ఒకే పేషెంట్‌ను, ఒకే కేసును ఇవ్వొచ్చు.

ఇంకో సంగతి, పరీక్ష కోసమని ఎవరికీ రేడియేషన్ ఇవ్వకూడదు. అందుకే మేము పేషెంట్‌ను పొజిషన్‌లో పెట్టి, మెషిన్‌లో కేవీ (వోల్టేజ్) ఎంత, ఎంఏఎస్ (కరెంట్, టైమ్) ఎంత పెట్టాలో నోటితో చెప్పేవాళ్లం. ఫిల్మ్ ఎలా వచ్చేదో ఎవరికీ తెలియదు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక ట్రైనింగ్‌లో హెడ్‌సెట్ పెట్టుకున్నా. మొదటి పది నిమిషాలు చేతిలో కంట్రోలర్ ఎలా పట్టాలో తెలుసుకోవడానికే సరిపోయింది. ఆ కంగారులో ఛాతీ ఎక్స్‌రేకు ట్యూబ్‌ను ఫిల్మ్‌కు 180 సెంటీమీటర్ల దూరంలో పెట్టాల్సింది 100 దగ్గరే ఆపేశా. ఫిల్మ్‌లో గుండె పెద్దగా కనిపించింది. నిజమైన పేషెంట్‌కు అలా తీసి ఉంటే ఆ మనిషి గుండె జబ్బేమోనని ఎకో టెస్టుకు తిరగాల్సి వచ్చేది. తప్పు చేస్తే ఏమవుతుందో ఎవరికీ హాని లేకుండా కళ్లముందు చూపించడం, వీఆర్‌లో నాకు బాగా నచ్చింది అదే.

కానీ ఆ హెడ్‌సెట్‌లోని పేషెంట్ బటన్ నొక్కగానే ఊపిరి బిగబట్టాడు. మన దగ్గరకు వచ్చేవాళ్లు అట్లా ఉండరు కదా. మొన్న ములుగు వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. 'శ్వాస తీసుకుని ఆపండి' అని కొత్త పిల్ల మూడుసార్లు చెప్పింది, అవ్వ అట్లే చూస్తోంది. నేను వెళ్లి 'అవ్వా, దమ్ము గట్టిగ గుంజు, ఇడువకు' అన్నా. వెంటనే గుంజి ఆపింది. జడ పైకి ముడేయడం, పుస్తెలతాడు తీయనంటే ఫిల్మ్‌లో అడ్డం రాకుండా సర్దడం, తుంటి ఎముక ఎక్కడుందో చెప్పి, అడిగి, చీర మీదనుంచే చేత్తో తడిమి చూడటం కూడా పనిలో భాగమే. వీటిని కంట్రోలర్‌తో పరీక్షించలేం. ఎక్స్‌పోజర్ (రేడియేషన్) ఇవ్వకుండా, ఒప్పుకున్న మనిషితో పొజిషనింగ్ వరకు చేయిస్తే చాలు, పనితనం తెలిసిపోతుంది.

మనలాంటి టెక్నీషియన్ల కోసం 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఎగ్జిట్ (కోర్సు చివర రాసే) లేదా లైసెన్సింగ్ పరీక్ష మాట ఉంది. కాబట్టి ఇది మనందరికీ సంబంధించిన చర్చే. వీఆర్ పెట్టేవాళ్లను మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పరీక్షకు ముందు ప్రతి విద్యార్థికీ కొన్ని గంటలు హెడ్‌సెట్ ప్రాక్టీస్ ఇవ్వాలి, లేకపోతే డబ్బున్న కాలేజీ పిల్లలే ముందుంటారు. హెడ్‌సెట్‌లో వినిపించే మాటలు తెలుగులో కూడా ఉండాలి. తల తిరిగేవాళ్లకు వేరే దారి చూపించాలి. నాతో వచ్చిన ఒక అక్క పావుగంటకే కళ్లు తిరిగి కూర్చుండిపోయింది, ఆమెది ఇరవై ఏళ్ల సర్వీసు. హెల్త్ యూనివర్సిటీ మన వరంగల్‌లోనే ఉంది కాబట్టి ప్రాక్టీస్ సెంటర్ ఇక్కడ పెడితే ములుగు, భూపాలపల్లి పిల్లలు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

నువ్వైతే ఇప్పుడు హెడ్‌సెట్ గురించి టెన్షన్ పెట్టుకోకు. ఆసుపత్రి పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ఏ ఫిల్మ్ సరిగ్గా రాక రిపీట్ అయినా ఎందుకయిందో సీనియర్‌ను అడిగి నోట్‌బుక్‌లో రాసుకో. పరీక్ష ఏ రూపంలో పెట్టినా అడిగేది ఆ తప్పుల గురించే.