కేస్‌షీటులో ఖాళీగా ఉన్న గళ్లు

ప్రశ్న: మా పెద్ద కోడలికి ఒక సర్కారు దవాఖానలో రాత్రి 2.10 గంటలకు మామూలు కాన్పు అయింది. రక్తం ఎక్కువగా పోతున్నదని చెబితే, “కాన్పన్నాక పోదా అమ్మా” అన్నారు. 4.30కు చెమటలు పట్టి స్పృహ తప్పితే పెద్దాసుపత్రికి పంపారు. మూడు సీసాల రక్తం ఎక్కించాక బతికింది. నకలు తీసుకుని చూస్తే, ఆ మధ్య వేళలో బీపీ, నాడి రాయవలసిన గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. తప్పు ఎవరిది? ఇప్పుడు చిన్న కోడలికి ఏడో నెల. ఈసారి ప్రైవేటుకు వెళ్లడం మంచిదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ జిల్లా

జవాబు: అమ్మా, ఒక ఉత్తరం చదివి ఫలానా వారిది తప్పని తేల్చడం న్యాయం కాదు. కానీ ఆ ఖాళీ గళ్లను మీరు గమనించడం చాలా విలువైన పని. కాన్పయిన మొదటి రెండు గంటల్లో ప్రతి 15 నిమిషాలకు బాలింత నాడి, బీపీ, రక్తస్రావం, గర్భసంచి గట్టిదనం చూసి రాయాలి. చూడకపోయినా, చూసి రాయకపోయినా, తరువాత డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు ఆ కాగితం చెప్పేది ఏమీ ఉండదు.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం చేరుతుంది. మాయ పడ్డాక అది పిడికిలిలా బిగుసుకుంటేనే రక్తనాళాలు మూసుకుంటాయి. వయసులో ఉన్న బాలింతకు ఎంతో రక్తం పోయేదాకా బీపీ నిలకడగానే కనిపించవచ్చు, నాడి మాత్రం ముందే వేగం అందుకుంటుంది. దుప్పటిలోకి, గుడ్డల్లోకి ఇంకిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే, ఎంత అనుభవజ్ఞులైనా తక్కువే చెబుతారు. నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగి 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, గీతలున్న సంచీతో రక్తాన్ని కొలిచి, హద్దు దాటగానే చికిత్సలన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టినప్పుడు, తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. వాళ్లేమీ కొత్త మందు కనిపెట్టలేదు.

రక్తస్రావాన్ని నివారించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మన ఎండాకాలంలో ఫ్రిజ్ పనిచేయకపోతే, ఇంజెక్షన్ ఇచ్చినా దాని బలం తగ్గిపోయి ఉండవచ్చు. ఇటువంటి లోపాలను సరిదిద్దడానికే కేంద్రం 2017లో ప్రభుత్వ కాన్పు గదుల కోసం ‘లక్ష్య’ కార్యక్రమాన్ని తెచ్చింది.

ఇక ప్రైవేటు సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు కాన్పుల్లో 81.5 శాతం, ప్రభుత్వ కాన్పుల్లో 44.5 శాతం పెద్దాపరేషన్లే. నా దృష్టిలో రెండూ ఎక్కువే. అవసరం లేని కోత వల్ల తరువాతి కాన్పులో మాయ ఆ మచ్చకు అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. కనుక బోర్డు చూసి కాదు, రాత్రిపూట డాక్టరు ఉంటారా, రక్తం ఎక్కడి నుంచి ఎంతసేపట్లో వస్తుంది, పంపవలసి వస్తే ఎక్కడికి అని అడిగి నిర్ణయించుకోండి.

పెద్ద కోడలి విషయం సూపరింటెండెంట్ గారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఆ రాత్రి డ్యూటీలో ఎందరున్నారో, ఎన్ని కాన్పులు జరిగాయో విచారించమని కోరండి. సిస్టర్ ఒక్కరే ముగ్గురిని చూసుకుంటూ ఉంటే గళ్లు నిండకపోవడానికి కారణం వేరే ఉంటుంది, ఆమెకు మెమో ఇస్తే అది తీరదు. రికార్డుల్లో ఇంకేమైనా కావాలంటే అడగండి, 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది.

చిన్న కోడలి కాన్పయ్యాక ఆమె పక్కన ఒకరు కదలకుండా కూర్చోండి. ప్యాడ్ కొద్ది నిమిషాల్లోనే తడిసిపోయినా, గడ్డలు పడినా, గుండెదడ అన్నా, ఆ గుడ్డను పారేయకుండా సిస్టర్‌కు చూపించి, నాడి చూసి వేళతో సహా రాయమని అడగండి.