హరిత నిబంధన బిల్లు దాకా రావాలి

ప్రశ్న: మా మున్సిపాలిటీలో కొనుగోళ్ల ఫైళ్లు చూస్తుంటాను. పర్యావరణహితమైన సరుకే కావాలని టెండరులో రాస్తున్నాం గానీ, చివరికి ఎల్-1కే, అంటే అతి తక్కువ ధర చెప్పినవారికే, ఖరారు చేయాల్సి వస్తోంది. వచ్చిన సరుకు ఏడాది తిరగకుండానే మూలన పడుతోంది. ఎక్కడ సరిదిద్దుకోవాలి?
– ఒక ఉద్యోగి, ఏలూరు

జవాబు: ముందుగా ఇండెంటు దశలోనే, అంటే ఏ సరుకు కావాలో రాసిచ్చేటప్పుడే, సరిదిద్దుకోవాలి. ‘పర్యావరణహితం’ అని రాసి వదిలేస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. ఎన్ని వాట్లు, ఎన్ని స్టార్లు, ఎన్నేళ్ల వారంటీ అని రాస్తే, ఆ గీత దాటిన వాళ్లలోనే ఎల్-1ను ఎంచుకోవచ్చు. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు వాడుకుంటాయి. ఏడాదికి 2,500 గంటలు తిరిగే ఆఫీసులో ఒక్కో ఫ్యానుకు 110 యూనిట్లకు పైగా మిగులుతాయి కనుక, యూనిట్ 8 రూపాయలనుకున్నా, కొనేటప్పుడు 1,500 రూపాయలు ఎక్కువ పెట్టినది రెండేళ్లు నిండక ముందే తిరిగి వస్తుంది. ఈ లెక్కను ఫైల్లో జతపరిస్తే ఆడిట్ అభ్యంతరానికి జవాబు అక్కడే ఉంటుంది. కేంద్ర శాఖల విషయంలో, నోటిఫై చేసిన విద్యుత్ పరికరాలకు నిర్ణీత స్టార్ రేటింగ్ ఉండాలని 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలే చెబుతున్నాయి.

అంతకన్నా ముఖ్యమైనది చెల్లింపు. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో వీధి దీపాలను ఎల్ఈడీలకు మార్చినప్పుడు పెట్టుబడి కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఇంధన పొదుపు సంస్థ ఈఈఎస్ఎల్ పెట్టింది. నగరపాలక సంస్థ కరెంటు ఆదాలోంచి చెల్లించే పద్ధతి పెట్టుకుంది. దీపం వెలిగితేనే డబ్బు వచ్చే ఏర్పాటులో నాసిరకం సరుకు పంపితే నష్టం సరఫరాదారుడిదే. మీ స్థాయిలో అంత పెద్ద ఒప్పందం కుదరకపోయినా, బిల్లులో కొంత భాగాన్ని వారంటీ కాలంలో పనితీరుకు ముడిపెట్టి, సరుకు దిగినప్పుడు కొన్ని నమూనాలను గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపవచ్చు. ఈ రెండూ టెండరు పత్రంలో ముందే ఉండాలి. పక్క మున్సిపాలిటీలతో కలిసి ఇండెంట్లు పెడితే ధర కూడా దిగుతుంది: దేశమంతటి అవసరాన్ని ఒక్కచోట చేర్చి కొన్నందువల్లే 2014లో 310 రూపాయలున్న ఎల్ఈడీ బల్బు సేకరణ ధర కొన్నేళ్లలోనే 40 రూపాయల లోపుకు వచ్చింది.

పాత సామగ్రిని తిరిగి తీసుకెళ్లి అధీకృత రీసైక్లర్‌కు అప్పగించే బాధ్యతనూ ఒప్పందంలో చేర్చండి. ఇన్ని షరతులు పెట్టిన శాఖ తన వంతుగా బిల్లులు గడువులోగా చెల్లించి తీరాలి; ఆలస్యం తట్టుకోలేక మంచి సరుకు చేసే చిన్న తయారీదారులే ముందుగా తప్పుకుంటారు.