లంక మట్టిలో భార లోహాలు: పరీక్ష ఎలా చేయించాలి?

ప్రశ్న: కొత్తపేట దగ్గర గౌతమి లంకలో మాకు ఎకరంన్నర అరటి, కూరగాయల తోట ఉంది. 2022 జూలై వరదకు బెత్తెడు ఒండ్రు మేటేసింది. ఎగువన కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులు ఉన్నాయి కదా, సీసం, కాడ్మియం లాంటివి కొట్టుకొచ్చాయేమోనని అనుమానం. భూసార కార్డులో అంతా బాగుందనే వచ్చింది. అది చాలదా?

జవాబు: చాలదండీ. కార్డులో చూసే 12 అంశాల్లో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు ఉంటాయి గానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉండవు. ఉన్న లోహాలను కూడా డీటీపీఏ ద్రావణంలోకి దిగినంతే కొలుస్తారు, అంటే మొక్కకు అందే భాగం. మీ అనుమానం తీరాలంటే ల్యాబ్‌కి ‘ఆక్వా రీజియాలో కరిగించి ఐసీపీ మీద మొత్తం లోహాలు’ అని రాసివ్వండి (ఆక్వా రీజియా అంటే గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం, ఐసీపీ అంటే లోహాలను కొలిచే యంత్రం). సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, నికెల్, క్రోమియం, రాగి, జింకు అడగండి. ఇనుము కూడా అడగండి, ఎందుకో కింద చెబుతాం.

చాలా రిపోర్టులు చెడేది ల్యాబ్‌లో కాదు, పొలంలోనే. జింకు పూత బకెట్‌లో మట్టి కలిపితే జింకు పెరుగుతుంది, ఇత్తడి జల్లెడ పడితే రాగి పెరుగుతుంది. పారతో తవ్వొచ్చు గానీ, పార తగిలిన ముఖాన్ని వెదురు బద్దతో చెక్కేసి లోపలి మట్టే తీసుకోండి. ఇంజను షెడ్డు, పెంటకుప్ప, దారి దరిదాపుల్లో తీయొద్దు. అడ్డదిడ్డంగా నడుస్తూ 10–12 చోట్ల తీయండి. మేట మట్టి ఒక టబ్బులో, దాని కింది పాత నేల 15 సెంటీమీటర్ల వరకు ఇంకో టబ్బులో వేయండి. రెండూ కలిపితే తేడా కనబడదు. ఇప్పటికే దున్నేసి ఉంటే పొరలు కలిసిపోయి ఉంటాయి, దున్నని మూల ఏదైనా ఉందేమో చూడండి. ప్లాస్టిక్ టబ్బులో కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేస్తూ అరకిలోకి తెచ్చి, నీడన ఆరబెట్టి, చెక్కతో నలిపి, 2 మి.మీ. నైలాన్ జల్లెడ పట్టాలి. ఒక నమూనాను రెండు పొట్లాలు కట్టి వేర్వేరు నంబర్లతో పంపండి. రెండింటికీ 20 శాతానికి మించి తేడా వస్తే ఆ రిపోర్టును నమ్మకండి.

ఇక అసలు చిక్కు, దేనితో పోల్చాలి? గోదావరి దక్కన్ నల్లరాతి మీదుగా వస్తుంది. ఆ రాతిలోనే రాగి, నికెల్, క్రోమియం ఎక్కువ. అందుకే ప్రపంచ సగటుతో పోలిస్తే మన ఒండ్రు ఊరికే ‘కలుషితం’ అయిపోతుంది. కాలుష్యం ఎంతో చెప్పడానికి ల్యాబ్‌లు వాడే ముల్లర్ సూచికలో నమూనా అంకెను నేపథ్య విలువకు (కాలుష్యం లేని మట్టిలో సహజంగా ఉండే అంకెకు) ఒకటిన్నర రెట్లతో భాగించి, 2 ఆధారంగా లాగరిథం తీస్తారు. మీ రాగి 90 పీపీఎం (కిలోకు 90 మి.గ్రా.) అనుకుందాం. నేపథ్యంగా షేల్ రాతి (బురద గట్టిపడి ఏర్పడే రాయి) ప్రపంచ సగటు 45 పెడితే 0.42 వస్తుంది, కొద్దిపాటి కాలుష్యం అంటారు. మీ లంకలోనే మీటరు లోతు మట్టిలో 70 ఉందనుకోండి, మైనస్ 0.22, శుభ్రం. మట్టి అదే, రాగి అదే!

కాబట్టి ఆ లోతు మట్టిని కూడా పంపండి. అది ఇసుకయితే లాభం లేదు. లోహాలు సన్న ఒండ్రుకే అంటుకుంటాయి గనక ఇసుకలో అంకె ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఇనుమూ అలాగే సన్న ఒండ్రులోనే ఎక్కువ, దాన్ని అడగమన్నది ఇందుకే. పై మట్టిలో రాగిని ఇనుముతో భాగించి, లోతు మట్టిలోని అదే నిష్పత్తితో పోల్చండి. రెట్టింపు లోపు ఉంటే సహజమైన హెచ్చుతగ్గే అనుకోవచ్చు.

ఏటి అంచున ఎవరూ సాగు చేయని మేటలోనూ ఒక నమూనా తీయండి. అక్కడ లేని రాగి మీ తోటలో ఉంటే వరదను అనకండి, బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ ఎన్నేళ్లు కొట్టారో లెక్క చూసుకోండి. కాడ్మియం అయితే ఫాస్ఫేటు ఎరువుల్లోనూ ఉంటుంది.

ప్రశ్న: మాది ఆకివీడు. పొలం మట్టిలో కాడ్మియం కాస్త ఎక్కువని తేలింది. వరి మానేయాలా?

జవాబు: ముందు బియ్యం పరీక్ష చేయించండి. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రకారం పాలిష్ బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మి.గ్రా. మించకూడదు. నీరు నిలిచినంత కాలం కాడ్మియం సల్ఫైడుగా బిగుసుకుని ఉంటుంది, చేను ఆరితే విడుదలై గింజకు ఎక్కుతుంది. అందుకే ఈనిక నుంచి పాలు పోసుకునే దాకా పలచగా నీరు ఉంచండి. అయితే నీరు నిల్వ ఉంటే ఆర్సెనిక్ పెరుగుతుంది. దాని అకర్బన రూపానికి హద్దు 0.2 మి.గ్రా. బియ్యంలో రెండూ కలిపి చూపించాకే నీటి సంగతి తేల్చుకోండి.